స్క్రోల్ పిక్కర్‌లో బొమ్మలు పెట్టడం ఎలా? ఫ్లట్టర్‌లో మొదటి నుంచి చివరిదాకా

"పిక్కర్‌లో పేర్లు వస్తున్నాయి గానీ బొమ్మలు రావడం లేదు." "బొమ్మలు వచ్చాయి గానీ సగం కోసుకుపోతున్నాయి." "నా ఫోన్‌లో బాగానే ఉంది, మా నాన్న ఫోన్‌లో యాప్ మూసుకుపోతోంది." అనంతపురం, కర్నూలు, కడప కాలేజీల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చేసేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి ఇవే. పిక్కర్ అంటే వేలితో తిప్పి, కావలసిందాన్ని మధ్యలో ఆపి ఎంచుకునే లిస్టు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే అందరికీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మన దగ్గర చాలామందికి ఉండేది విండోస్ లాప్‌టాప్, ఆండ్రాయిడ్ ఫోన్. అందుకే ఫ్లట్టర్‌లోని (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్‌కీ ఐఫోన్‌కీ యాప్ కట్టే గూగుల్ టూల్‌కిట్) కూపర్టినో పిక్కర్‌తో చెబుతున్నాను. పేరు ఐఫోన్ తరహాదే అయినా ఆండ్రాయిడ్‌లోనూ చక్కగా నడుస్తుంది. నేరుగా ఆండ్రాయిడ్‌లోనో ఐఫోన్‌కో రాసేవాళ్ల కోసం చివర్లో కొంత చెప్పాను.

ఉదాహరణకి రైతు తన పంటను ఎంచుకునే తెర తీసుకుందాం. చీనీ (బత్తాయి), వేరుశనగ, పప్పుశనగ, కంది, పత్తి, ఉల్లి, టమాటా, పసుపు, అరటి, దానిమ్మ, ద్రాక్ష. చదవడం కష్టమైన పెద్దాయన కూడా బొమ్మ చూసి, వేలితో తిప్పి, తన పంట దగ్గర ఆపగలగాలి. బొమ్మల పిక్కర్ పెట్టేదే అందుకు. ఈ సంగతి మనసులో ఉంచుకుంటే కింద చెప్పే కొలతల మీద నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో అర్థమవుతుంది. ఈ పనిలో కోడ్ తక్కువే. చిక్కంతా కొలతల్లోనే వస్తుంది.

మొదలుపెట్టే ముందు

అసలు పిక్కర్ అవసరమా అన్నది చూసుకోండి. మూడు నాలుగు ఎంపికలే ఉంటే తెర మీద నేరుగా బొమ్మల బటన్లు పెట్టేయండి, తిప్పే పని ఉండదు. ఇరవై దాటితే గ్రిడ్ మేలు, ఎందుకంటే పిక్కర్‌లో ఒకేసారి కనిపించేవి కొన్నే. పక్కపక్కన పెట్టినా తేడా తెలియని వస్తువులకైతే బొమ్మల పిక్కర్ వద్దు. కదిరి 6, కదిరి లేపాక్షి రెండూ వేరుశనగ రకాలే. చిన్న బొమ్మలో వాటిని ఏ రైతూ విడదీసి చెప్పలేడు. అక్కడ పేర్ల లిస్టే సరైనది.

కావలసినవి

- ఫ్లట్టర్ ఇన్‌స్టాల్ అయి, ఖాళీ ప్రాజెక్టు నడుస్తున్న కంప్యూటర్
- ఒక నిజమైన ఫోన్. ఎమ్యులేటర్ ఒక్కటే సరిపోదు. వీలైతే ఇంట్లో ఉన్న పాత, తక్కువ ర్యామ్ ఫోన్ కూడా దగ్గర పెట్టుకోండి
- ఒక్కో పంటకి ఒక బొమ్మ, వెనక తెలుపు లేకుండా పారదర్శకంగా ఉన్న పీఎన్‌జీ లేదా వెబ్‌పీ
- బొమ్మలు చిన్నవి చేసుకోవడానికి ఏదో ఒక ఎడిటర్

గూగుల్‌లో దొరికిన బొమ్మ తీసి పెట్టేయకండి, దానికి హక్కుదారులు ఉంటారు. చీనీ కావాలంటే అనంతపురం మార్కెట్ యార్డుకి, పత్తి కావాలంటే ఆదోనికి వెళ్లి మీరే ఫోటో తీసుకోవచ్చు. అక్కడి రైతుకి రోజూ చూసే సరుకే కనిపిస్తే గుర్తుపట్టడమూ తేలిక.

ఇక్కడ క్లాసుల పేర్లు, ప్రాపర్టీల పేర్లు తెలుగు లిపిలోనే రాస్తున్నాను. ఇంగ్లిష్‌లో మొదటి మూడు నాలుగు అక్షరాలు కొడితే మీ కోడ్ ఎడిటరే పూర్తి పేరు చూపిస్తుంది.

1. ముందు లిస్టు కట్టుకోండి

పేర్లకి ఒక లిస్టు, బొమ్మలకి ఇంకో లిస్టు అని పెట్టుకోవద్దు. మధ్యలో ఒకటి చేర్చి రెండోదాంట్లో మర్చిపోయారంటే ఉల్లి పేరు పక్కన టమాటా బొమ్మ వస్తుంది. 'పంట' అని ఒక చిన్న క్లాసు రాసి, అందులో మూడే పెట్టండి: ఐడీ, తెర మీద కనిపించే పేరు, బొమ్మ దారి. ఆ క్లాసుతో ఒకే లిస్టు కట్టండి.

డేటాబేస్‌లో దాచాల్సింది ఐడీని. వరుస నంబరు దాచకండి. ఇవాళ నాలుగో వరుసలో ఉన్న కంది, రేపు మీరు దాని పైన కొత్త పంట చేర్చగానే ఐదులోకి పోతుంది. అప్పుడు పాత రైతులందరి రికార్డులూ తప్పు పంట చూపిస్తాయి. ఆ తప్పు వెంటనే బయటపడదు కూడా.

పేరు దగ్గర మీ ప్రాంతం వాళ్లు అనే మాటే రాయండి. అనంతపురంలో చీనీ అనే రాయాలి.

2. బొమ్మల్ని సిద్ధం చేయండి

అన్నీ ఒకే కొలతలో చతురస్రంగా ఉండాలి. 200 పిక్సెళ్ల వెడల్పు, 200 ఎత్తు మన పనికి సరిపోతుంది. అరటి గెల పొడుగ్గా, వేరుశనగ అడ్డంగా ఉంటుంది కాబట్టి చతురస్రం లోపల చుట్టూ కొంచెం ఖాళీ వదిలి మధ్యలో కూర్చోబెట్టండి. ఒక బొమ్మ అంచుల దాకా, ఇంకోటి మధ్యలో చిన్నగా ఉంటే, పిక్కర్ తిప్పుతున్నప్పుడు బొమ్మలు ఉబ్బి తగ్గుతున్నట్టు కనబడుతుంది.

ఫోన్‌తో తీసిన ఫోటోని అలాగే పెట్టేయడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు. 4000 × 3000 ఫోటో ఫైలుగా మూడు నాలుగు ఎంబీలే ఉండొచ్చు. కానీ తెర మీద చూపించాలంటే ఫోన్ దాన్ని విప్పాలి. విప్పితే ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు, అంటే 4.8 కోట్ల బైట్లు, సుమారు 46 ఎంబీ. విప్పిన బొమ్మల్ని ఫ్లట్టర్ దాచుకునే మెమరీ, అంటే క్యాష్, డీఫాల్ట్‌గా 100 ఎంబీ. రెండు ఫోటోలకే అది నిండిపోతుంది. మూడోది రాగానే మొదటిది పోతుంది, వెనక్కి తిప్పితే మళ్లీ విప్పాలి. పిక్కర్ ఆగి ఆగి కదలడానికి, పాత ఫోన్లలో యాప్ మూసుకుపోవడానికి కారణం సాధారణంగా ఇదే.

ఐఫోన్‌తో తీసిన ఫోటోలు హెచ్‌ఈఐసీగా వస్తే ముందు పీఎన్‌జీగా మార్చుకోండి. ఎస్‌వీజీ బొమ్మల్ని ఫ్లట్టర్ తనంతట తాను చూపించదు, దానికి వేరే ప్యాకేజీ కావాలి. పదకొండు పంటల కోసం అంత దూరం పోనక్కర్లేదు.

ఫైలు పేర్లు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లోనే, మధ్యలో ఖాళీ లేకుండా పెట్టండి. విండోస్‌లో పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటే. యాప్‌లో కాదు. ఇంకో సంగతి: విండోస్ ఫైలు చివరి భాగాన్ని దాచిపెడుతుంది. అది తెలియక పేరు మార్చేటప్పుడు డాట్ పీఎన్‌జీ అని మీరు ఇంకోసారి చేరిస్తే చివరన అది రెండుసార్లు వచ్చి కూర్చుంటుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకున్నాకే పేర్లు మార్చండి.

3. పబ్‌స్పెక్ ఫైల్లో నమోదు చేయండి

ప్రాజెక్టులో 'ఆసెట్స్' అని ఫోల్డరు, దాని లోపల 'పంటలు' అర్థం వచ్చేలా ఇంకో ఫోల్డరు చేసి బొమ్మలు అందులో వేయండి. తర్వాత పబ్‌స్పెక్ ఫైల్లో (ప్రాజెక్టు సెట్టింగ్స్ ఉండే ఫైలు) ఫ్లట్టర్ అన్న భాగం కింద ఆసెట్స్ రాసి, దాని కింద ఫోల్డరు దారి ఇవ్వండి. మూడు జాగ్రత్తలు:

- ఆసెట్స్ అన్న మాట ఫ్లట్టర్ అన్న మాటకంటే రెండు ఖాళీలు లోపలికి ఉండాలి. ట్యాబ్ కొట్టకండి, స్పేస్ బారే వాడండి
- ఫోల్డరు దారి చివర స్లాష్ గీత (/) ఉండాలి
- ఒక ఫోల్డరు రాస్తే దాని లోపలి ఫోల్డర్లు వాటంతట అవి చేరవు. ప్రతి దాన్నీ విడిగా రాయాలి

ఈ ఫైలు మార్చాక హాట్ రీలోడ్‌ని నమ్ముకోవద్దు. యాప్‌ని పూర్తిగా ఆపి మళ్లీ రన్ చేయండి.

4. పిక్కర్ జోలికి వెళ్లకముందు ఒక్క బొమ్మ చూపించండి

ఖాళీ తెర మధ్యలో 'ఇమేజ్ డాట్ ఆసెట్'తో ఒక్క చీనీ బొమ్మ పెట్టి చూడండి. వచ్చిందా, ముందుకెళ్లండి. రాకపోతే తప్పు పిక్కర్‌ది కాదు, రెండో మెట్టులోనో మూడో మెట్టులోనో ఉంది. ఆసెట్‌ని లోడ్ చేయలేకపోయానని ఎర్రర్ వస్తే, అందులో ఉన్న దారిని మీ ఫోల్డరులోని దారితో అక్షరం అక్షరం పోల్చి చూడండి. ఇది దాటేసి నేరుగా పిక్కర్ కట్టినవాళ్లే తప్పు ఎక్కడుందో తెలియక ఎక్కువసేపు వెతుక్కుంటారు.

5. వరుస ఎత్తు నిర్ణయించండి

కూపర్టినో పిక్కర్‌కి తప్పనిసరిగా ఇవ్వాల్సినవి మూడు: ఐటమ్ ఎక్స్‌టెంట్, చిల్డ్రన్, ఆన్ సెలెక్టెడ్ ఐటమ్ ఛేంజ్డ్. ఐటమ్ ఎక్స్‌టెంట్ అంటే ఒక్కో వరుస ఎత్తు. నెట్‌లో దొరికే ఉదాహరణల్లో ఇది 32 చుట్టుపక్కల ఉంటుంది. అది అక్షరాల కోసం వేసిన కొలత. అదే ఉంచి 56 ఎత్తు బొమ్మ పెడితే వరుసలో పట్టదు.

నేను వాడే కొలతలు: బొమ్మ 56, వరుస 80. మిగిలిన 24లో పైన 12, కింద 12 ఖాళీ. వేలితో తిప్పేటప్పుడు కళ్లు పట్టుకునేది ఈ ఖాళీనే.

ఇంతా చేసినా బొమ్మలు దగ్గరదగ్గరగా అనిపిస్తే 'స్క్వీజ్' చూడండి. పిక్కర్ వరుసల్ని కాస్త దగ్గరికి నొక్కుతుంది. డీఫాల్ట్ విలువ 1.45. దాన్ని 1.2కి తగ్గిస్తే వరుసలు విడివిడిగా కనిపిస్తాయి.

పిక్కర్ మొత్తం ఎత్తు కూడా మీరే ఇవ్వాలి. కాలమ్ లోపల నేరుగా పిక్కర్ పెడితే హద్దులేని ఎత్తు వచ్చిందంటూ ఎర్రర్ పడుతుంది. సైజ్డ్‌బాక్స్ లోపల పెట్టి ఎత్తు 280 ఇవ్వండి. మధ్యలో ఒక వరుస, పైనా కిందా వరుసలు కనిపిస్తాయి. ఇంకా పైనా కిందా ఉన్నాయని తెలిస్తేనే పెద్దవాళ్లు తిప్పుతారు. ఒకే బొమ్మ కనిపిస్తే అది మామూలు బొమ్మే అనుకుని వదిలేస్తారు.

6. వరుస కట్టండి

లిస్టులోని ఒక్కో పంటకి ఒక రో విడ్జెట్. అందులో ఎడమవైపు బొమ్మ, మధ్యలో 16 ఖాళీ, కుడివైపు పేరు. బొమ్మకి వెడల్పు 56, ఎత్తు 56, ఫిట్‌కి 'బాక్స్‌ఫిట్ డాట్ కంటెయిన్' ఇవ్వండి. కవర్ ఇస్తే అంచులు కోసుకుపోతాయి, ఫిల్ ఇస్తే సాగిపోతాయి.

పేరుని ఎక్స్‌పాండెడ్ లోపల పెట్టి గరిష్ఠంగా ఒకే లైన్ అని చెప్పండి. లేకపోతే, ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాలు పెద్దవి పెట్టుకున్నవాళ్ల దగ్గర పేరు వరుస దాటి పోతుంది, డీబగ్‌లో పసుపు నలుపు చారలు వస్తాయి. పెద్దవాళ్లలో అలా పెట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు.

తెలుగు అక్షరాల విషయంలో ప్రత్యేకంగా చూడాల్సింది ఒకటుంది. మనకి పైన గుడి, కింద ఒత్తు రెండూ వస్తాయి. ఇంగ్లిష్ పేరుతో పరీక్షిస్తే అంతా బాగానే ఉంటుంది, తెలుగులోకి మార్చగానే ఒత్తులు కోసుకుపోవచ్చు. కాబట్టి 'దానిమ్మ', 'ద్రాక్ష' ఉన్న వరుసలతోనే పరీక్షించండి. క్ష కింద భాగం, మ ఒత్తు పూర్తిగా కనబడితే మిగతా పేర్లన్నీ కనబడతాయి.

బొమ్మ దొరక్కపోతే ఏం చూపించాలో 'ఎర్రర్ బిల్డర్'లో రాయండి. అక్కడ కూడా 56 × 56 ఖాళీ పెట్టె ఇస్తే పేర్లు ఎడమకి జరిగిపోకుండా ఒకే గీతలో ఉంటాయి.

7. ఎంత సైజులో విప్పాలో చెప్పండి

బొమ్మలు 200 పిక్సెళ్లకి తగ్గించేశారు గనక ఇది తప్పనిసరి కాదు. కానీ బొమ్మలు సర్వర్ నుంచి వస్తుంటే, లేదా వేరేవాళ్లు ఎక్కిస్తుంటే, ఇది లేకుండా యాప్ బయటికి పంపకండి.

'క్యాష్ హైట్' అన్న ప్రాపర్టీకి మీరిచ్చేది అసలైన పిక్సెళ్ల లెక్క. 56 అని ఇస్తే బొమ్మ మసకగా వస్తుంది. మీడియా క్వెరీ నుంచి డివైస్ పిక్సెల్ రేషియో తీసుకుని దానితో గుణించి, రౌండ్ చేసి ఇవ్వండి. రేషియో 3 ఉన్న ఫోన్‌లో 168 వస్తుంది. 168 × 168 బొమ్మ విప్పితే సుమారు 110 కేబీ. 46 ఎంబీ ఎక్కడ, 110 కేబీ ఎక్కడ!

క్యాష్ హైట్, క్యాష్ విడ్త్ రెండూ కలిపి ఇవ్వకండి. బొమ్మ చతురస్రం కాకపోతే నొక్కుకుపోతుంది. ఒక్కటే ఇస్తే రెండోది నిష్పత్తి ప్రకారం అదే సరిపెట్టుకుంటుంది. మధ్య వరుసని పెద్దది చేసి చూపించడానికి మాగ్నిఫికేషన్ 1.2 పెట్టుకుంటే, ఆ 1.2తోనూ గుణించండి. లేకపోతే రైతు ఎంచుకున్న బొమ్మే అన్నింటికంటే మసకగా కనబడుతుంది.

మొదటిసారి తెరిచినప్పుడు బొమ్మలు ఒక్కోటీ తళుక్కుమని ఆలస్యంగా వస్తుంటే 'ప్రీక్యాష్ ఇమేజ్' వాడండి, 'డిడ్ ఛేంజ్ డిపెండెన్సీస్'లో. క్యాష్ హైట్ వాడుతున్నప్పుడు ప్రీక్యాష్‌కి కూడా అదే ఎత్తుతో 'రీసైజ్ ఇమేజ్'ని ఇవ్వాలి. మామూలు ఆసెట్ ఇమేజ్ ఇస్తే ఫ్లట్టర్ రెండింటినీ వేర్వేరు బొమ్మలుగా లెక్కేస్తుంది. ముందే లోడ్ చేసిన పని వృథా అవుతుంది, పైగా మెమరీ రెండింతలు.

8. ఎంపికను పట్టుకోండి

ఆన్ సెలెక్టెడ్ ఐటమ్ ఛేంజ్డ్ గురించి రెండు సంగతులు తెలియకపోతే టెన్షన్ తప్పదు.

ఒకటి, తెర తెరిచినప్పుడు మధ్యలో ఉన్న మొదటి వరుసకి ఇది పిలవబడదు. రైతుది చీనీ తోటే, చీనీయే మధ్యలో ఉంది, తిప్పకుండా 'సరే' నొక్కాడు. మీ వేరియబుల్‌లో ఏమీ ఉండదు. అందుకే కంట్రోలర్‌కి ఇచ్చే ఇనిషియల్ ఐటమ్, మీ వేరియబుల్ మొదటి విలువ ఒకటే ఉండేలా ముందే పెట్టుకోండి.

రెండు, తిప్పుతున్నప్పుడు మధ్యలోంచి దాటిపోయే ప్రతి వరుసకీ ఇది పిలవబడుతుంది. చీనీ నుంచి పసుపుకి ఒక్క ఊపులో వెళ్తే మధ్యలో ఉన్నవన్నీ వస్తాయి. ఇక్కడ సర్వర్‌ని అడగడం, పంట పేరు ఆడియోలో చదివించడం లాంటివి పెడితే అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఇక్కడ వేరియబుల్ మాత్రమే మార్చండి. మిగతా పనులు 'సరే' నొక్కాక చేయండి. ఆగగానే జరగాల్సిన పని అయితే పిక్కర్‌ని నోటిఫికేషన్ లిసనర్‌లో చుట్టి, 'స్క్రోల్ ఎండ్ నోటిఫికేషన్' వచ్చినప్పుడు చేయండి.

'ఫిక్స్‌డ్ ఎక్స్‌టెంట్ స్క్రోల్ కంట్రోలర్'ని ఇనిట్ స్టేట్‌లో తయారుచేసి, డిస్పోజ్‌లో తీసేయండి. బిల్డ్ లోపల తయారుచేస్తే సెట్‌స్టేట్ జరిగిన ప్రతిసారీ కొత్త కంట్రోలర్ పుడుతుంది. పాతది ఎవరూ తీసేయక అలాగే మిగిలిపోతుంది. ముందు దాచిన ఐడీతో లిస్టులో వరుస వెతికేటప్పుడు దొరక్కపోతే మైనస్ 1 వస్తుంది. దాన్ని సున్నాగా మార్చుకున్నాకే కంట్రోలర్‌కి ఇవ్వండి.

లూపింగ్ పెట్టి చివరి పంట తర్వాత మళ్లీ మొదటిది వచ్చేలా చేస్తే, వరుస నంబరుని కాల్‌బ్యాక్ నుంచే తీసుకోండి. కంట్రోలర్‌లోని 'సెలెక్టెడ్ ఐటమ్' లూపింగ్‌లో లిస్టు పొడవు దాటిపోవచ్చు, సున్నా కంటే కిందికీ పోవచ్చు. నన్నడిగితే పెద్దవాళ్లు వాడే యాప్‌లో లూపింగ్ వద్దు. చివర ఎక్కడో తెలియక తిప్పుతూనే ఉంటారు.

9. కింది నుంచి వచ్చే షీట్‌లో పెట్టండి

పొడవైన ఫారం మధ్యలో పిక్కర్ పెట్టకండి. పేజీ జరుపుదామని వేలు పెడితే పిక్కర్ తిరుగుతుంది, పంట తెలియకుండానే మారిపోతుంది. ఫారంలో 'మీ పంట' అని ఒక బటన్, దాని మీద ఎంచుకున్న బొమ్మ. నొక్కితే కింది నుంచి షీట్ వచ్చి అందులో పిక్కర్. పైన 'సరే', 'వద్దు' బటన్లు. 'సరే' నొక్కితే ఐడీతో షీట్ మూయాలి, 'వద్దు' అంటే పాత ఎంపికే ఉండాలి.

షీట్ లోపల ఏదైనా మారాలంటే, ఉదాహరణకి పైన ఎంచుకున్న పంట పేరు, బయటి తెర సెట్‌స్టేట్ సరిపోదు. షీట్ వేరే తెర లాంటిది. లోపల స్టేట్‌ఫుల్ బిల్డర్ పెట్టి దాని సెట్‌స్టేట్ వాడండి. "విలువ మారుతోంది, తెర మారడం లేదు" అని అడిగేవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే.

పక్క బొమ్మలు పాలిపోయినట్టు ఎందుకున్నాయి?

కూపర్టినో పిక్కర్ మధ్య వరుసని తప్ప మిగతా వాటిని సగానికంటే తక్కువ గాఢతతో (ఒపాసిటీ) చూపిస్తుంది. ఇంట్లో చూస్తే బాగుంటుంది. ఏప్రిల్ మధ్యాహ్నం పొలం గట్టు మీద నిలబడి చూస్తే మధ్య బొమ్మ తప్ప ఏదీ కనిపించదు. ఈ విలువని కూపర్టినో పిక్కర్‌లో మార్చే వీలు లేదు.

ఎండలో వాడే యాప్ అయితే దీని బదులు 'లిస్ట్ వీల్ స్క్రోల్ వ్యూ' వాడండి. కూపర్టినో పిక్కర్ లోపల ఉన్నది అదే. అందులో మధ్య కాని వరుసల గాఢత మీరే ఇవ్వొచ్చు, డీఫాల్ట్‌గా పూర్తి గాఢతే ఉంటుంది. 0.8 ఇచ్చి చూడండి. మధ్య వరుస చుట్టూ గీతలు లేదా లేత రంగు పట్టీ మాత్రం మీరే స్టాక్ విడ్జెట్‌తో వేసుకోవాలి, దాన్ని ఇగ్నోర్ పాయింటర్‌లో చుట్టాలి. లేకపోతే వేలు తాకేది పిక్కర్‌ని కాదు, ఆ పట్టీని. ఫిజిక్స్ దగ్గర 'ఫిక్స్‌డ్ ఎక్స్‌టెంట్ స్క్రోల్ ఫిజిక్స్' ఇవ్వడం మర్చిపోతే పిక్కర్ రెండు పంటల మధ్యలో ఆగిపోతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మెయిన్ ఫంక్షన్‌లో 'డీబగ్ ఇన్వర్ట్ ఓవర్‌సైజ్డ్ ఇమేజెస్'ని ట్రూ చేసి రన్ చేయండి. అవసరానికి మించి పెద్దగా విప్పిన బొమ్మలు రంగులు తారుమారై తలకిందులుగా కనిపిస్తాయి. ఏ బొమ్మ తగ్గించడం మర్చిపోయారో వెతకనక్కర్లేదు. చూశాక తీసేయండి.

తిప్పడం నున్నగా ఉందో లేదో డీబగ్‌లో చూసి తేల్చకండి, డీబగ్ ఎప్పుడూ నెమ్మదే. నిజమైన ఫోన్ కలిపి ప్రొఫైల్ మోడ్‌లో రన్ చేసి చూడండి. క్రోమ్‌లో పరీక్షిస్తుంటే మౌస్‌తో పట్టి లాగడం పనిచేయకపోవచ్చు. మౌస్ చక్రం తిప్పి చూడండి, కోడ్ తప్పనుకుని మార్చేయకండి.

టాక్‌బ్యాక్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే ఆండ్రాయిడ్ సదుపాయం) ఆన్ చేసి ఒకసారి వినండి. బొమ్మ, పేరు రెండూ ఉన్న వరుసలో పేరు ఒక్కసారే చదవాలి, కాబట్టి బొమ్మని సెమాంటిక్స్ (టాక్‌బ్యాక్ చదివే సమాచారం) నుంచి తప్పించండి. బొమ్మ ఒక్కటే ఉన్న వరుస అయితే 'సెమాంటిక్ లేబుల్'లో పంట పేరు రాయాలి. అది లేకపోతే చూపు లేనివారికి ఆ పిక్కర్ ఉండీ లేనట్టే.

ఫోన్‌ని డార్క్ మోడ్‌లో పెట్టి చూడండి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ తీయని బొమ్మ తెల్ల డబ్బాలా వెంటనే దొరికిపోతుంది.

చివరగా రిలీజ్ ఏపీకే చేసి ఫోన్‌లో వేయండి. సర్వర్ నుంచి వచ్చే బొమ్మలు డీబగ్‌లో వచ్చి రిలీజ్‌లో రాకపోతే, మెయిన్ మానిఫెస్ట్‌లో ఇంటర్నెట్ పర్మిషన్ చేర్చలేదన్నమాట. డీబగ్‌కి ఆ పర్మిషన్ ప్రాజెక్టుతోపాటే వస్తుంది, రిలీజ్‌కి మీరే రాయాలి. సిగ్నల్ సరిగా అందని పల్లెల్లో కూడా వాడే యాప్ కాబట్టి ఇలాంటి చిన్న బొమ్మలు ఆసెట్స్‌లోనే ఉంచడం నా సలహా. పదకొండు చిన్న బొమ్మలతో యాప్ సైజు పెద్దగా పెరగదు.

ఆ ఏపీకేని యాప్ ఎలా వాడాలో చెప్పకుండా ఇంట్లో పెద్దవాళ్ల చేతికివ్వండి. "కంది ఎంచుకో నానా" అని మాత్రం అనండి. వేలు ఎక్కడ పెట్టారు, ఎక్కడ ఆగారు, 'సరే' కనబడిందా అన్నవి చూడండి. మధ్యలో మాట సాయం చేయకండి.

నేరుగా ఆండ్రాయిడ్, ఐఫోన్ రాసేవాళ్లకి

ఆండ్రాయిడ్‌లోని నంబర్ పిక్కర్‌తో కుస్తీ పట్టకండి. అది అంకెలు, అక్షరాలే చూపిస్తుంది, బొమ్మలకి చోటు లేదు. రీసైక్లర్ వ్యూ తీసుకుని దానికి 'లీనియర్ స్నాప్ హెల్పర్' తగిలించండి. పైనా కిందా ప్యాడింగ్ ఇచ్చి 'క్లిప్ టు ప్యాడింగ్'ని ఫాల్స్ చేయండి, లేకపోతే మొదటి పంట, చివరి పంట ఎప్పటికీ మధ్యలోకి రావు. స్క్రోల్ ఆగాక 'ఫైండ్ స్నాప్ వ్యూ'తో మధ్యలో ఉన్నదేదో తెలుసుకోవచ్చు.

ఐఫోన్‌లో యూఐ పిక్కర్ వ్యూ అయితే డెలిగేట్‌లో 'వ్యూ ఫర్ రో' రాయాలి. అది రాస్తే 'టైటిల్ ఫర్ రో'ని పిక్కర్ పట్టించుకోదు, కాబట్టి పేరు కూడా ఆ వ్యూలోనే పెట్టండి. ఎత్తు 'రో హైట్ ఫర్ కాంపోనెంట్'లో ఇవ్వాలి. ఇమేజ్ వ్యూలని ముందే చేసి అర్రేలో దాచుకుని అవే మళ్లీ మళ్లీ ఇస్తే బొమ్మలు మాయమవుతాయి. ఒక వ్యూ ఒకేసారి రెండు చోట్ల ఉండలేదు, పిక్కర్ ఒకే వరుసని ఒకటికంటే ఎక్కువసార్లు అడగొచ్చు. బొమ్మల్ని దాచుకోండి, వ్యూ మాత్రం ప్రతిసారీ కొత్తది ఇవ్వండి. 'సెలెక్ట్ రో' మీరు కోడ్‌లో పిలిస్తే 'డిడ్ సెలెక్ట్ రో' రాదు, ఆ తర్వాతి పని కూడా మీరే పిలవాలి. స్విఫ్ట్ యూఐలో వీల్ తరహా పిక్కర్‌లో వరుస ఎత్తు పెంచడం కుదిరే పని కాదు. చిన్న గుర్తులైతే ఫర్వాలేదు, 56 ఎత్తు బొమ్మలకి మాత్రం యూఐ పిక్కర్ వ్యూనే 'యూఐ వ్యూ రిప్రజెంటబుల్'లో చుట్టి వాడండి. వీటన్నింటికీ ఎక్స్‌కోడ్ కావాలి, అది మ్యాక్ మీదే నడుస్తుంది.